ముందు చాసిస్, ఆఖర్న సైలెన్సర్

సాయంత్రం కాలేజీ వదిలే టైముకి మన పార్కింగ్ దగ్గర కళ్ళు మూసుకుని నిలబడినా ఎవరి బండి వెళ్తోందో చెప్పెయ్యొచ్చు. కొత్త బండి కొన్నవాడు ముందు మార్చేది సైలెన్సరే. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు అలా మార్చిన సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మన గ్రూపుల్లో అందరం చూసినవే. అయినా మారుస్తూనే ఉంటారు. బండి గురించి పదిమందికి తెలిసేది ముందు దాని శబ్దమే కదా.

నేను రాస్తున్నది కూడా సైలెన్సర్ గురించే. కాకపోతే అది బైకుది కాదు, మా తాతయ్య జీపుది. గత వేసవి సెలవుల్లో ఆరు వారాలు విజయవాడ ఆటోనగర్‌లో మా మావయ్య షెడ్డులో ఆ జీపుతోనే గడిపాను. ఇంగ్లీష్ మీడియంలో చదివినదాన్ని కాబట్టి బండి భాగాల పేర్లు నాకు యూట్యూబ్ భాషలో తెలుసు. షెడ్డు భాషలో అక్కడే నేర్చుకున్నాను. పానా, బిరడా, పోత ఇనుము, కమాన్ కట్టలు లాంటి మాటలు ఇప్పుడు నా నోట్లో సహజంగానే వస్తున్నాయి. వాటితోపాటు ఇంకో విషయం కూడా అర్థమైంది. సైలెన్సర్ పని సైలెన్సర్ దగ్గర మొదలవ్వదు, చాసిస్ దగ్గర మొదలవుతుంది.

ముందు జీపు గురించి. అది మహీంద్రా సీజే 3బీ. పాత తెలుగు సినిమాల్లో ఎస్సై గారు క్లైమాక్స్ అయ్యాక దిగుతారే, ఆ జీపు. విల్లీస్ అనే అమెరికా కంపెనీ 1953 మోడల్‌గా తెచ్చింది. బానెట్ అంత ఎత్తుగా ఎందుకుంటుందంటే లోపల ఇంజన్ ఎత్తు కాబట్టి. ఆ ఇంజన్ పేరు హరికేన్. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, డెబ్బై చిల్లర హార్స్‌పవర్. దాంట్లో ఒక తమాషా ఉంది. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి, పొగ బయటికి పోయే వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. మహీంద్రా వాళ్ళు బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. అమెరికాలో 1968లో ఈ మోడల్ ఆగిపోయినా, మన దగ్గర ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు తయారయింది. మాది 1971ది.

తాతయ్య పోయాక అది నాలుగేళ్ళు ఊళ్ళో పశువుల పాకలో టార్పాలిన్ కింద ఉండిపోయింది. పాత ఇనుము కొనేవాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. వాళ్ళు బండికి రేటు చెప్పరు, కిలోకి చెప్తారు. "స్థలం అయినా కలిసొస్తుంది, ఇచ్చెయ్యండి" అంది అత్తయ్య. పైగా ఆర్‌సీ రెన్యువల్ గడువు దగ్గరపడుతోంది. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, దానికి బండిని తీసుకెళ్ళి చూపించాలి. నడవని బండిని ఏం చూపిస్తాం? మావయ్య ఒక మాట తేల్చేశాడు. "చాసిస్ బాగుంటే ఉంచుదాం. పోయుంటే కాటాకి పంపేద్దాం."

ఇంజన్ కాకుండా చాసిస్‌నే ఎందుకు చూడాలి అని మీకు డౌట్ రావొచ్చు. ఇంజన్ రిపేర్ చేయించుకోవచ్చు. రేకులు కొట్టించుకోవచ్చు. సీట్లు, వైరింగు, టైర్లు అన్నీ మార్చినా బండి అదే బండి. కానీ ఆర్‌సీలో ఉండే నంబరు చెక్కింది చాసిస్ మీద. అది పోతే కాగితాల ప్రకారం బండే లేదు. ఇంకోటి, ఇంజను, గేర్‌బాక్సు, బాడీ, చక్రాలు అన్నీ దాని మీదే కూర్చుంటాయి. అది వంకరగా ఉంటే పైన ఎంత మంచి పని చేసినా వంకరే.

మా బావ మాత్రం మొదటిరోజే ఫోన్ పట్టుకుని వచ్చాడు. రెండున్నర అంగుళాల గొట్టం, మధ్యలో డబ్బా లేకుండా వెనకదాకా స్ట్రయిట్‌గా వేస్తే శబ్దం అదిరిపోతుందని వీడియోలు చూపించాడు. వెల్డింగ్ మేస్త్రి గారు ఆ ఫోన్ వైపు ఒకసారి చూసి, "పిల్ల కుదరకముందే బ్యాండుమేళానికి అడ్వాన్సా బాబూ?" అన్నారు. షెడ్డులో అందరూ నవ్వారు, బావ కూడా.

చైన్ కప్పీతో బాడీ లేపి పక్కన పెట్టారు. ఇంజను, గేర్‌బాక్సు దించేశారు. మిగిలింది చాసిస్. నిచ్చెనని నేల మీద పడుకోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రెండు పొడవాటి ఇనుప పట్టాలు, మధ్యలో మెట్లలాగా అడ్డపట్టీలు, చాలాచోట్ల రివిట్లు. ఎక్కడ చూసినా గట్టిపడిన బురద, గ్రీజు. దాన్ని కడగడానికే రెండు రోజులు పట్టింది.

తర్వాత మేస్త్రి గారు చిన్న సుత్తి తీసుకుని చాసిస్ పొడవునా జానెడు జానెడుకీ కొట్టుకుంటూ వెళ్ళారు. కుండ కొనేటప్పుడు అమ్మమ్మ వేలితో కొట్టి చూస్తుంది కదా, అచ్చం అలాగే. ఠంగుమని మోగితే లోపల ఇనుము గట్టిగా ఉన్నట్టు. డబ్ అని మొద్దుగా పలికితే అక్కడ తుప్పు తినేసినట్టు. నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. డబ్ అన్నచోటల్లా చుట్టు గీయడం నా పని. మొత్తం పదకొండు చుట్లు గీశాను. ఒక్కో చుట్టు గీసినప్పుడల్లా మావయ్య మొహం చూడాలంటే భయం వేసింది. తను మాత్రం ఏమీ అనలేదు. పక్కన నిలబడి వింటూ ఉన్నాడు.

తుప్పు ఎక్కడబడితే అక్కడ రాదని ఆరోజు తెలిసింది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పడి రివిట్ వేసిన చోట సందు ఉంటుంది, ఆ సందులో తడి ఆరదు. బురద చేరితే స్పాంజి లాగా నీళ్ళు పట్టి ఉంచుతుంది. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బే బలానికి రేకులు విడిపోతాయి, సందు ఇంకా పెద్దదవుతుంది, ఇంకా నీళ్ళు చేరతాయి. పైకి నల్లగా, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే చూస్తే సరిపోదు, కొట్టి వినాలి.

ఇనప బ్రష్‌తో గీకి చూస్తే పదకొండింట్లో తొమ్మిది పైపై తుప్పే. అసలు పోయినవి రెండు. అన్నిటికన్నా వెనక ఉండే అడ్డపట్టీ ఒకటి. ఎడమ పట్టా మీద వెనక కమాన్ కట్ట తగిలించే చోట ఒక జానెడు ముక్క ఇంకోటి. మేస్త్రి గారు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అక్కడ అప్పడంలా విరిగింది. "ఈ రెండూ చెయ్యొచ్చు. నంబరు సంగతి చూసుకోండి ముందు" అన్నారు.

నంబరు ముందువైపు పట్టా మీద ఉండాలి. యాభై ఏళ్ళ పెయింటు, తారు, గ్రీజు దాని మీద పొరలుగా పేరుకుపోయాయి. "గ్రైండర్ అటు తీసుకెళ్తే చెయ్యి విరగ్గొడతా" అని బావకి మావయ్య వార్నింగ్. ఎందుకంటే చెక్కిన లోతు చాలా తక్కువ. గ్రైండర్ ఒక్కసారి ఆనితే అంకెలు పోతాయి, ఆ తర్వాత మనమే నంబరు చెరిపేశామని అనుమానం వస్తుంది. పెయింట్ రిమూవర్ రాసి, చెక్క ముక్కతో మెల్లగా గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మళ్ళీ రాసి, అలా ఒక పూట పట్టింది. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. చివరి అంకె మాత్రం మూడో ఎనిమిదో తెలియలేదు.

ఆర్టీఓ ఆఫీసులో చేసే పద్ధతే మావయ్య చేశాడు. పల్చటి కాగితం అంకెల మీద పెట్టి పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దాడు. నేను పక్కనుంచి టార్చి ఏటవాలుగా పట్టుకున్నాను. కాగితం నల్లబడుతుంటే మధ్యలో అంకెలు తెల్లగా వస్తున్నాయి. చివరిది ఎనిమిది. ఆర్‌సీలో కూడా ఎనిమిదే. మావయ్య ఆ కాగితాన్ని మడత పెట్టకుండా నా నోట్‌బుక్‌లో పెట్టమన్నాడు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, డేటా స్ట్రక్చర్స్ నోట్సులో.

తర్వాత కొలతలు. చాసిస్‌ని నాలుగు స్టాండ్ల మీద ఎక్కించారు. దారానికి గుండు కట్టి, చాసిస్ మీద ఒక్కో పాయింటు నుంచి కిందికి వదిలి, గుండు నిలిచిన చోట నేల మీద సుద్దతో చుక్క పెట్టాం. చాసిస్ మొత్తం నేల మీద చుక్కలుగా దిగినట్టు అయింది. అప్పుడు ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకి టేపు పట్టి చూడాలి. రెండు మూలకొలతలూ సమానంగా ఉంటే చాసిస్ చదరంగా ఉన్నట్టు. టెన్త్ క్లాసు జామెట్రీ అంతే. మాకు తేడా 4 మిల్లీమీటర్లు వచ్చింది. "యాభై ఏళ్ళ బండికి ఇది తేడా కాదు" అన్నారు మేస్త్రి గారు. మెలి తిరిగిందో లేదో చూడటానికి తాపీ పనివాళ్ళ లెవెల్ పైపు తెచ్చారు. సన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి రెండు చివర్లూ రెండు మూలల దగ్గర పట్టుకుంటే నీళ్ళు అబద్ధం చెప్పవు. లేజర్ లెవెల్ యాప్ ఉందని నేను ఫోన్ తీశాను గానీ ఎవరూ పట్టించుకోలేదు.

పోయిన ముక్క కోసే ముందు రెండు పట్టాల మధ్య యాంగిల్ ముక్కలు తాత్కాలికంగా బిగించారు. లేకపోతే అడ్డపట్టీ తీసిన మరుక్షణం పట్టాలు వాటికి ఇష్టమొచ్చిన వైపు జరుగుతాయి. కొత్త అడ్డపట్టీకి బావ రెట్టింపు మందం రేకు వేద్దామన్నాడు, గట్టిగా ఉంటుందని. మేస్త్రి గారు ఒప్పుకోలేదు. ఇలాంటి చాసిస్ గుంటల్లో పడినప్పుడు కొంచెం మెలి తిరగాలి, దాని డిజైనే అంత. ఒకచోట మాత్రం మరీ బిగుసుగా చేస్తే ఆ మెలి అంతా అతుకు అంచు దగ్గరికి చేరి అక్కడ పగులు వస్తుంది. అందుకే పాత రేకు ఎంత మందమో కొత్తదీ అంతే. పట్టా మీద వేసే అతుకు అంచుల్ని కూడా నిలువుగా కాకుండా ఏటవాలుగా కోశారు. నిలువు గీత మీద బలం ఒకేచోట పడుతుంది, ఏటవాలుగా ఉంటే పంచుకుంటుంది.

వెల్డింగ్ చూడటానికి బోర్ కొడుతుందని అనుకుంటాం కానీ నల్లద్దంలోంచి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఒక అంగుళం ఇక్కడ, ఆపి, ఒక అంగుళం ఎదురువైపు, మళ్ళీ ఆపడం. ఒకేసారి లాగించెయ్యరు. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ పక్క ఇనుముని లాగుతుంది. ఒకవైపే వేడి పెడితే చాసిస్ మొత్తం అటు గుంజుకుపోతుంది. ప్రతి కొన్ని అంగుళాలకీ ఆగి మళ్ళీ టేపు పట్టారు. అంతా అయ్యాక కూడా తేడా 4 మిల్లీమీటర్లే ఉంది. ఆ నాలుగే ఉన్నందుకు మావయ్య అందరికీ సోడా తెప్పించాడు.

చివరికి తుప్పు మందు, రెడ్ ఆక్సైడ్, దాని మీద నలుపు. నంబరు ఉన్నచోట మాత్రం పల్చగా ఒక్క కోటు. ఇంజను, గేర్‌బాక్సు, బాడీ మళ్ళీ పైకి ఎక్కాయి. ఐదో వారంలో సైలెన్సర్ టైమొచ్చింది.

మన దగ్గర ఇంజన్ నుంచి వెనకదాకా ఉన్న మొత్తం గొట్టాన్నీ సైలెన్సర్ అనే అంటారు. షాపులో రెడీమేడ్ గొట్టం దొరుకుతుంది. కానీ మా జీపుకి ఎప్పుడో గేర్‌బాక్సు మార్చారట, దాని కింద అడ్డపట్టీ అందరి జీపుల్లోలాగా లేదు. దొరికిన గొట్టం దానికి తగులుతోంది. అందుకే మేమే చేసుకోవాల్సి వచ్చింది. కస్టమ్ అనగానే మనకి నచ్చినట్టు చేసుకోవడం అని వినిపిస్తుంది. అక్కడ అలా ఏమీ లేదు. పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ సీటు కింద ఉంది, వేడి గొట్టం దాని దగ్గరికి పోకూడదు. గుంటలో పడితే కమాన్ కట్ట పైకి లేస్తుంది, ఆ దారిలో ఉండకూడదు. తిరిగే షాఫ్టుకి తగలకూడదు. చాసిస్ కన్నా కిందికి వేలాడకూడదు, మా ఊరి డొంక దారిలో రాళ్ళుంటాయి. ఇవన్నీ పోగా మిగిలిన ఖాళీలోంచి ఒకే ఒక్క దారి ఉంది. ఆ దారి నాలుగు వారాల ముందే, చాసిస్ మీద అన్నీ ఎక్కడ కూర్చోవాలో తేలినప్పుడే తేలిపోయింది.

గొట్టం లావు దగ్గర బావకీ నాకూ పెద్ద వాదన జరిగింది. పాత గొట్టం ఒకటిన్నర అంగుళాలు. రెండున్నర వేస్తే లోపలి వైశాల్యం దాదాపు 2.8 రెట్లు అవుతుంది. కాలువని వెడల్పు చేసి నీళ్ళు అంతే వదిలితే ఏమవుతుంది? నెమ్మదిస్తాయి. పొగ కూడా అంతే. ఇంజన్ 2000 చుట్లు తిరుగుతున్నప్పుడు నాలుగు సిలిండర్ల నుంచీ సెకనుకి సుమారు 66 సార్లు పొగ దబ్బు దబ్బుమని బయటికి వస్తుంది. వేగంగా పోయే ఒక్కో దబ్బు వెనకాల కొంచెం వెలితి వదులుతుంది, ఆ వెలితి తర్వాతి పొగని లాగుతుంది. గొట్టం మరీ లావైతే వేగం పోతుంది, ఆ లాగుడూ తగ్గుతుంది. ఇంజన్‌కి వెనక ఒత్తిడి కావాలని చాలామంది అంటారు గానీ కావాల్సింది ఒత్తిడి కాదు, వేగం. నెమ్మదిగా తిరిగే డెబ్బై చిల్లర హార్స్‌పవర్ ఇంజన్‌కి ఒకటిన్నర చాలు. బావ లెక్క ఒప్పుకున్నాడు, మొహం మాత్రం ఒప్పుకోలేదు.

వంపులు తిప్పడానికి ఇసుక పద్ధతి వాడారు. ఖాళీ గొట్టాన్ని వంచితే మడతపడి నొక్కుకుపోతుంది. లోపల ఇసుక కూరి వంచితే గుండ్రం గుండ్రంగానే ఉంటుంది. ఆ ఇసుకని ముందు జల్లించి, పెద్ద మూకుడులో బఠాణీలు వేయించినట్టు వేయించాలి. రుచి కోసం కాదు, ప్రాణం కోసం. రెండువైపులా బిరడాలు కొట్టి గొట్టాన్ని ఎర్రగా కాల్చినప్పుడు లోపల తడి ఉంటే ఆవిరవుతుంది, బిరడా తుపాకీ గుండులా వస్తుంది. మేస్త్రి గారు గుప్పెడు ఇసుక తీసి గాజుగ్లాసులో పోసి మూత పెట్టి, గ్లాసు లోపల ఆవిరి పట్టలేదని చూశాకే గొట్టంలో పోయనిచ్చారు. వంచేటప్పుడు కూడా గొట్టానికి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వలేదు. "చాసిస్ కింద పడ్డా చూసుకోవచ్చు పాపా, ఇది చూసుకోలేం" అన్నారు.

అడ్డపట్టీ పక్కన వంపు మరీ ఇరుకు, అక్కడ ఇసుక పద్ధతి కుదరదు. గొట్టాన్ని చీలికలుగా కోసి అతకాలి. 90 డిగ్రీలు తిరగాలి, ఆరు అతుకులు వేస్తే ఒక్కోటి 15 డిగ్రీలు, అంటే కోత కోణం ఏడున్నర. ఇక్కడ నా పైథాన్ పనికొచ్చింది. గొట్టాన్ని ఏటవాలుగా కోసి ఆ అంచుని విప్పి నేల మీద పరిస్తే వచ్చే గీత ఏంటో తెలుసా? సైన్ వేవ్. ఫస్ట్ సెమిస్టర్‌లో బోర్డు మీద చూసిన సైన్ వేవే. మా గొట్టానికి చుట్టుకొలత సుమారు 120 మిల్లీమీటర్లు, అల ఎత్తు కింద నుంచి పైకి 5. పది లైన్ల ప్రోగ్రాం రాసి ప్రింట్ తీసి గొట్టానికి చుట్టి అంటించాను. మేస్త్రి గారు ఆ కాగితాన్ని కాసేపు తిప్పి తిప్పి చూశారు. "నేను దారం చుట్టి కంటితో చేస్తాను, ఇది చీర అంచులా బాగుంది" అన్నారు. కోత కూడా బాగానే వచ్చింది, అతుకుల్లో సందు లేదు.

తగిలించడం ఇంకో పాఠం. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఊగుతుంటుంది, చాసిస్ ఊగదు. సైలెన్సర్ ఒక చివర ఇంజన్‌ని, ఇంకో చివర చాసిస్‌ని పట్టుకుంటుంది. పైగా రెండు మీటర్ల గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే 7 మిల్లీమీటర్లు పొడుగు సాగుతుంది. బోల్టులతో బిగించేస్తే ఇంజన్ దగ్గర పోత ఇనుము మేనిఫోల్డే పగులుతుంది. అందుకే వెనకంతా రబ్బరు పట్టీల మీద వేలాడదీశారు. చాసిస్‌ని ఎంత బిగుతుగా పట్టుకోవాలో సైలెన్సర్‌ని అంత వదులుగా పట్టుకోవాలన్నమాట.

మధ్యలో డబ్బా వేశారు. లోపల గదులు, చిల్లుల గొట్టాలు ఉండే రకం. శబ్దం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతూ గోడలకి తగిలి వెనక్కి వస్తుంది, వచ్చే అలా పోయే అలా ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. డబ్బా కింది అంచున మూడు మిల్లీమీటర్ల చిల్లు కూడా పెట్టారు. అదెందుకో చెప్తే నేను నమ్మలేదు, ఇంటికొచ్చి కెమిస్ట్రీ లెక్క వేసుకున్నాను. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి! దూరం వెళ్తే ఆవిరైపోతాయి. తాతయ్యలాగా ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి ఇంటికి తిరిగితే గొట్టం సరిగ్గా వేడెక్కక నీళ్ళు డబ్బాలోనే నిలుస్తాయి. సైలెన్సర్లు ముందు లోపలి నుంచి పోవడానికి పెద్ద కారణం ఇదే.

గొట్టం చివరని బాడీ అంచు దాటేదాకా లాగారు. వెనక తెరిచి ఉండే బండిలో ముందుకి పోతుంటే గాలి సుడి తిరిగి వెనక పొగని లోపలికే తెస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు, రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్టయిల్ కోసం గొట్టాన్ని మధ్యలోనే పక్కకి తిప్పి వదిలేసేవాళ్ళు వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో ఒకసారి ఆలోచించుకోవాలి.

యాభై ఏళ్ళు దాటిన బండ్లకి 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ తెచ్చింది. నంబర్‌లో వీఏ అనే అక్షరాలు వస్తాయి. దానికి బండి అసలు రూపంలో ఉండాలి. మాదానికి వయసు సరిపోతుంది. కానీ ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోజూ తిప్పడానికి లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అంతే. మావయ్య వద్దన్నాడు. "అమ్మ గుడికెళ్ళాలంటే ప్రదర్శన ఉందా అని అడగాలా?" అన్నాడు. మామూలు రెన్యువల్‌కే వెళ్దామని తేల్చాడు.

ఆరో వారం ఆదివారం పొద్దున్నే ఊరికి తీసుకెళ్ళాం. శబ్దం ఎలా ఉందంటే, లోగొంతుతో ఎవరో లెక్క పెడుతున్నట్టుంది. కాలువ వంతెన దిగి ఇంటి ముందు ఆపాక కూడా లోపలి నుంచి ఎవరూ రాలేదు. బావ హారన్ కొడితే అప్పుడు వచ్చింది అమ్మమ్మ.

"ఇది మీ తాతయ్య జీపు చప్పుడు కాదే," అంది వస్తూనే. "ఆయన వంతెన అవతల ఉండగానే నాకు వినపడేది. అది విని ఎసట్లో బియ్యం పోసేదాన్ని. ఇది గుమ్మంలోకి వచ్చినా తెలీలేదు."

"విన్నావా నాన్నా, రెండున్నర అంగుళాలు వేసుండాల్సింది," అన్నాడు బావ. మావయ్య నవ్వుతూ, అప్పట్లో గొట్టం చిల్లుపడి ఏళ్ళ తరబడి అలాగే తిప్పేవారని, ఊరంతా విన్నది ఆ చిల్లునే అని చెప్పాడు. అమ్మమ్మకి ఆ వివరణ నచ్చినట్టు లేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. రంగు కొత్తది, సీట్లు కొత్తవి, చప్పుడు కొత్తది.

"మరి నంబరు?" అని అడిగింది. తాతయ్య పోయాక బండి పేరు మార్పిడి కాగితాల మీద ఆ నంబరు పక్కన సంతకాలు పెట్టింది తనే.

నోట్‌బుక్‌లోంచి పెన్సిల్ కాగితం తీసి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని అంకెలన్నీ వేలితో ఒక్కొక్కటిగా చదివింది.

"అయితే ఆయనదే," అని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "పోనీరా, గుడిదాకా."

రెన్యువల్‌కి వచ్చే నెల వెళ్తున్నాం. బావ సైలెన్సర్ వీడియోలు ఇంకా పంపుతూనే ఉన్నాడు.